గాలి తీసిందెవరు, తీర్పు చెప్పాల్సిందెవరు

(విజయవాడలో ఒక ఆదివారం సాయంత్రం లా విద్యార్థులు, క్రికెట్ అభిమానులు కలిసి పెట్టుకున్న సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నాను, నేను లాయర్ని కాదు. పదకొండేళ్లు అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి తిరిగొచ్చిన మనిషిని. ఎవరైనా "ఇది పనిచేస్తోందండీ" అంటే "ఏదీ, చూపించండి" అనడమే నా ఉద్యోగం. ఇంట్లో కూడా అదే అలవాటు. సాక్షి కావాలంటే మా ఆవిడ మూడో వరసలో కూర్చుంది. (నవ్వులు)

నన్ను పిలిచినవాళ్లు "ఆటగాళ్ల నిషేధాలు, కోర్టులు, అభిమానులు, వీటి మీద మాట్లాడండి" అన్నారు. సరే అన్నాను. కానీ ఎక్కువసేపు మన ఆట గురించి కాదు, అమెరికా వాళ్లు ఫుట్‌బాల్ అని పిలుచుకునే ఆట గురించి చెబుతాను. దాన్ని కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేది ఎక్కువ. బంతి రెండు వైపులా మొన తేలి ఉంటుంది. ఆ బంతిలో గాలి కాస్త తగ్గింది అన్న ఒక్క మాట మీద ఆ దేశం ఏడాదిన్నర పాటు కోర్టుల చుట్టూ తిరిగింది. నేను దాని మధ్యలో కాపురం ఉన్నాను.

2015 జనవరి 18. బోస్టన్‌కి కొంచెం దక్షిణాన ఫాక్స్‌బరో అనే ఊరు. చలి, వాన. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌కీ ఇండియనాపోలిస్ కోల్ట్స్‌కీ మ్యాచ్. గెలిచినవాళ్లు ఫైనల్‌కి, అంటే సూపర్ బౌల్‌కి వెళ్తారు. పేట్రియట్స్ 45-7తో గెలిచారు. ఆ జట్టులో బంతి విసిరేవాడు, క్వార్టర్‌బ్యాక్ అంటారు, టామ్ బ్రేడీ. ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో ఆయన పేరు చెబితే కళ్లు మెరుస్తాయి. మిగతా దేశంలో అదే పేరు చెబితే పళ్లు కొరుకుతారు. ఎందుకంటే అప్పట్లో పేట్రియట్స్ మరీ ఎక్కువ గెలిచేవారు. పైగా 2007లో ఎదుటి జట్టు కోచ్‌లు చేసే సైగల్ని వీడియో తీయించి దొరికిపోయిన పాత కథ ఒకటుంది. అప్పుడు కోచ్ బెలిచెక్‌కి ఐదు లక్షల డాలర్ల జరిమానా పడింది. కాబట్టి రెండోసారి ఏదన్నా వినిపించగానే సగం దేశం, విచారణ మాట దేవుడెరుగు, శిక్ష ఎంత వెయ్యాలో లెక్కలు మొదలుపెట్టింది.

ఆ ఆటలో ఒక విచిత్రం ఉంది. ఏ జట్టు బంతి విసురుతుంటే ఆ జట్టు తన బంతులతోనే ఆడుతుంది. క్రికెట్‌లో మనవాళ్లు బ్యాటింగ్ చేసేటప్పుడు మన బంతే వెయ్యాలి అన్నట్టు. నియమం ప్రకారం అందులో గాలి 12.5 నుంచి 13.5 పౌన్ల మధ్య ఉండాలి. మీరు బండికి గాలి పెట్టించేటప్పుడు "ముప్ఫై పెట్టు బాబూ" అంటారే, అదే లెక్క. గాలి కొంచెం తగ్గితే బంతి చేతికి మెత్తగా దొరుకుతుంది, వానలో జారదు. రెండో క్వార్టర్లో బ్రేడీ విసిరిన బంతిని కోల్ట్స్ ఆటగాడు ఒకడు పట్టేశాడు. ఆ బంతి మీద అనుమానం వచ్చింది. విరామంలో పేట్రియట్స్ బంతులు పదకొండు కొలిచారు. అన్నీ 12.5 కంటే తక్కువే. కోల్ట్స్ బంతులు నాలుగు కొలిచేసరికి విరామం అయిపోయింది, మిగతావి వదిలేశారు. తగ్గిన బంతులకి గాలి కొట్టి ఆట కొనసాగించారు. గాలి సరిగ్గా ఉన్న బంతులతో పేట్రియట్స్ రెండో సగంలో ఇంకా బాగా ఆడారు, అది వేరే సంగతి.

ఇక కొలత గురించి. ఇది నా ఇలాకా, కొంచెం ఎక్కువసేపు ఉంటాను, భరించండి. రిఫరీ దగ్గర రెండు గేజీలున్నాయి. ఒకే బంతిని రెండింటితో కొలిస్తే దగ్గర దగ్గర 0.3 నుంచి 0.45 పౌను దాకా తేడా చూపిస్తాయి. మ్యాచ్‌కి ముందు ఏ గేజీతో కొలిచారో ఎవరూ రాసిపెట్టలేదు. అసలు ఏ బంతిలో ఎంత ఉందో కూడా రాసిపెట్టలేదు! ఈ గేజీ అని రిఫరీ తనకు గుర్తున్నంతలో చెప్పాడు. లీగ్, అంటే ఈ పోటీలు నడిపే ఎన్‌ఎఫ్‌ఎల్ సంస్థ, పెట్టిన దర్యాప్తు లాయరు మిగతా విషయాల్లో ఆయన జ్ఞాపకాన్ని నమ్మి, ఈ ఒక్కదాంట్లో మాత్రం "కాదు, రెండో గేజీ అయి ఉంటుంది" అన్నాడు. ఆ రెండో గేజీ అయితేనే గాలి తగ్గడాన్ని చలి మీదకి నెట్టేయడం కుదరదు. నా ఉద్యోగంలో ఎవరైనా ఇలాంటి రిపోర్టు తెస్తే చదవకుండానే వెనక్కి పంపేవాణ్ని.

చలి సంగతి అక్కడ కాపురం చేసిన ప్రతి తెలుగువాడికీ తెలుసు. డిసెంబరులో పొద్దున్నే కారు తీయగానే డ్యాష్‌బోర్డు మీద టైర్ల లైటు వెలుగుతుంది. కొత్తగా వెళ్లినవాళ్లు పంక్చరేమోనని టెన్షన్ పడిపోతారు. పంక్చరూ కాదు, ఏమీ కాదు, గాలి ముడుచుకుంది. ఇంటర్ ఫిజిక్స్ పాఠమే. 21 డిగ్రీల గదిలో 12.5 పెట్టిన బంతిని 9 డిగ్రీల చలిలోకి తీసుకెళ్తే దానంతటదే దగ్గర దగ్గర 11.4కి పడిపోతుంది.

మా పక్కింటాయన పోస్టాఫీసులో చేసి రిటైరైన మనిషి. పేట్రియట్స్ అంటే ప్రాణం. ఆయన ఒక బంతీ, ఒక గేజీ కొనుక్కొచ్చాడు. వంటింట్లో కూర్చుని సరిగ్గా పన్నెండున్నర పెట్టి, బంతిని ఫ్రిజ్‌లో పాలడబ్బా పక్కన తోశాడు. పొద్దున్నే నన్ను పిలిచాడు. వెళ్లేసరికి వాళ్లావిడ చికాకుగా ఉంది, రాత్రి కూర గిన్నె బయట పెట్టాల్సొచ్చిందిట బంతి కోసం. ఈయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, సూది గుచ్చి, ముల్లు నాకు చూపించాడు. పదకొండు. "చూశావా, బ్రేడీ తప్పు చెయ్యలేదు!" అన్నాడు. నేనన్నాను, "దీనివల్ల చలికి గాలి తగ్గుతుందని తెలిసింది. ఎవరూ గాలి తీయలేదని ఎలా తెలుస్తుంది?" ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అవతలి పక్షం కూడా వినాలి కదా. మా ఆఫీసులో ఇండియానా నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది, కోల్ట్స్ అభిమాని. ఆవిడ దగ్గర ఫిజిక్స్ లేదు, సాక్ష్యాలు ఉన్నాయి. బంతుల సంచులు మైదానంలోకి మోసుకెళ్లే పేట్రియట్స్ ఉద్యోగి దారిలో బాత్‌రూమ్‌లోకి దూరి తలుపేసుకున్నాడు. కెమెరా లెక్క ప్రకారం ఒక నిమిషం నలభై సెకన్లు. సంచులతో సహా! అతనే అంతకుముందు ఏడాది ఒక మెసేజ్‌లో తనని తాను 'డిఫ్లేటర్' అని పిలుచుకున్నాడు. గాలి తీసేవాడు అని. దీనికి జట్టు ఇచ్చిన సమాధానం ఏమిటో తెలుసా? ఆ మాటకి వాళ్ల భాషలో బరువు తగ్గడం అని అర్థమట! (నవ్వులు) బ్రేడీ అభిమానులు కూడా ఆ రోజు తలలు దించుకున్నారు. పైగా బ్రేడీ దర్యాప్తు లాయర్ని కలిసే రోజుకి కాస్త అటూ ఇటూగా తన పాత ఫోన్ పగలగొట్టించేశాడు. కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా అలాగే చేస్తానన్నాడు. ఆవిడ భోజనాల బల్ల దగ్గర ఒకే ప్రశ్న అడిగేది: "గాలి దానంతటదే పోతే ఫోన్ ఎందుకు పోయింది?"

మే 6న 243 పేజీల నివేదిక వచ్చింది. సారాంశం ఏమిటంటే, సిబ్బంది కావాలని గాలి తీసి ఉండే అవకాశమే ఎక్కువ, బ్రేడీకి ఆ సంగతి స్థూలంగానైనా తెలిసి ఉండే అవకాశమే ఎక్కువ. ఐదు రోజులకి శిక్ష పడింది. బ్రేడీకి నాలుగు మ్యాచ్‌లు, జట్టుకి పది లక్షల డాలర్లు, కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండు ఎంపికలు కట్. బ్రేడీ అప్పీలు చేశాడు. ఆ అప్పీలు విన్నదెవరు? లీగ్ కమిషనర్ రోజర్ గుడెల్. శిక్ష వేసింది ఎవరి పేరు మీదో ఆయనే. జులై 28న తన శిక్షని తనే ఖాయం చేశాడు.

ఇక్కడ మన విద్యార్థులు ముక్కున వేలేసుకుంటారు, తెలుసు. కంచే చేను మేయడం కాదా అని. అసలు పాయింటు అక్కడే ఉంది. ఆ అధికారం గుడెల్ ఎవరి దగ్గరా లాక్కున్నది కాదు. ఆటగాళ్ల యూనియన్, యజమానులు కలిసి 2011లో సంతకాలు పెట్టిన ఒప్పందంలోనే ఉంది, 46వ అధికరణం. ఆట మీద నమ్మకం చెడగొట్టే పని ఎవరైనా చేస్తే కమిషనర్ శిక్షించవచ్చు, అప్పీలూ ఆయనే వినవచ్చు. ఇద్దరన్నదమ్ములు ఊళ్లో ఒక పెద్దమనిషి ముందు కూర్చుని "నువ్వేం చెబితే అదే బాబాయ్" అని కాగితం మీద రాసిచ్చారనుకోండి. ఆయన చెప్పిన పంపకం నచ్చలేదని చిన్నవాడు కోర్టుకి వెళ్తే జడ్జి ఏమంటాడు? పొలం కొలవడానికి రాడు. కాగితం చూపించమంటాడు.

లీగ్ తెలివిగా అదే రోజు న్యూయార్క్ కోర్టుకి తనే వెళ్లింది. యూనియన్ మర్నాడు మినసోటా కోర్టులో కేసు వేస్తే, దాన్నీ న్యూయార్క్‌కే పంపారు. జడ్జి రిచర్డ్ బెర్మన్. ఆగస్టు 12న గుడెల్, బ్రేడీ ఇద్దర్నీ రప్పించి రాజీ కోసం చూశాడు. ఆ కోర్టులో కెమెరాలుండవు, బొమ్మలు గీసే ఆర్టిస్టు ఉంటుంది. ఆవిడ గీసిన బొమ్మలో బ్రేడీ మొహం, ఎలా చెప్పాలి, మూడు రోజులు నిద్రలేక రైల్లో ప్రయాణం చేసినవాడిలా ఉంది. దేశమంతా నవ్వుకుంది. ఆ మొహాన్ని కత్తిరించి ఎక్కడెక్కడో అతికించారు. అంత అందగాణ్ని అలా గీసినందుకు పాపం ఆవిడ క్షమాపణ కూడా చెప్పుకుంది. 46వ అధికరణం చదివినవాళ్లకంటే ఆ బొమ్మ చూసినవాళ్లు ఎన్ని రెట్లు ఎక్కువో మీరే ఊహించుకోండి.

సెప్టెంబరు 3న బెర్మన్ శిక్ష కొట్టేశాడు. చెప్పిన కారణాలు మూడు. ఇలాంటి తప్పుకి ఇంత శిక్ష ఉంటుందని ఆటగాడికి ముందుగా తెలియజేయలేదు. లీగ్‌లోని ఒక పెద్ద లాయర్ని ప్రశ్నించనివ్వలేదు. దర్యాప్తు కాగితాలు చూడనివ్వలేదు. గాలి తీశారా లేదా అన్నదాని జోలికే వెళ్లలేదు. మా పక్కింటాయన మాత్రం వరండాలో జెండా కట్టి "నిర్దోషి!" అని అరిచాడు. వారం తర్వాత ఫాక్స్‌బరోలో సీజన్ మొదటి మ్యాచ్. స్టేడియం మొత్తం ఒకటే కేక, "రోజర్ ఎక్కడ? రోజర్ ఎక్కడ?" ఆయన రాలేదు.

2016 ఏప్రిల్ 25న పై కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా శిక్షని తిరిగి నిలబెట్టింది. విడిగా రాసింది ఆ కోర్టు ప్రధాన న్యాయమూర్తే. తీర్పు మొదట్లోనే సూటిగా చెప్పారు: బ్రేడీ ఈ కుట్రలో ఉన్నాడా, శిక్ష మూడు మ్యాచ్‌లా, ఐదా, అసలు వద్దా, అది తేల్చడం మా పని కాదు, ఒప్పందం ఇచ్చిన అధికారం దాటాడా లేదా అన్నదే మేం చూసేది అని. ఈసారి ఇండియానా ఆవిడ డోనట్లు పంచింది. "దొంగ అని కోర్టే చెప్పింది" అంది. కోర్టు ఏమో "మేం చెప్పం" అని మొదట్లోనే చెప్పింది! రెండు తీర్పుల్లోనూ లేని మాటని రెండు పక్షాలూ చదువుకున్నాయి. పక్కింటాయనా ఈవిడా ఇద్దరూ చదువుకున్నవాళ్లే, నాకు కావలసినవాళ్లే. వాళ్లు అడిగిన ప్రశ్న 'చేశాడా?' అని. కోర్టుకి వెళ్లిన ప్రశ్న 'ఎవరు నిర్ణయించాలి?' అని. ఒక ప్రశ్నకి వచ్చిన జవాబు తీసుకెళ్లి ఇంకో ప్రశ్నకి అంటించుకున్నారు.

కొందరు పేట్రియట్స్ అభిమానులైతే పోయిన డ్రాఫ్ట్ ఎంపిక వెనక్కి ఇప్పించమని ఏకంగా తామే కేసు వేశారు. అభిమానం దెబ్బతిన్నదని కోర్టుకెళ్లడం అమెరికాలో కూడా నిలబడదు. నిలబడలేదు.

ఆ జులైలో బ్రేడీ పోరాటం చాలించాడు. నాలుగు మ్యాచ్‌లు ఇంట్లో కూర్చున్నాడు, తిరిగొచ్చాడు. 2017 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో 28-3తో వెనకబడి 34-28తో గెలిచాడు. కప్పు ఇవ్వాల్సింది మళ్లీ గుడెలే. ఆయన మైకు పట్టుకుంటే స్టేడియంలో అరుపులకి ఒక్క ముక్క వినిపించలేదు. ఆ సెప్టెంబరులో ఆయన ఫాక్స్‌బరో వస్తున్నాడని తెలిసి, ఆయన బొమ్మకి జోకరు ముక్కు పెట్టి డెబ్భై వేల తువ్వాళ్లు అచ్చేసి పంచారు. అందరూ ఊపారు. ఆ రోజు మ్యాచ్ మాత్రం కాన్సస్ సిటీ గెలుచుకుపోయింది.

ఇదంతా సరదాగానే ఉంది. ఎందుకంటే పోయింది గాలి. అదే ఏడాది డాలస్ జట్టు విషయంలో ఇదే 46వ అధికరణం మీద ఇంకో కేసు నడిచింది. డాలస్ అంటే మీ అందరికీ ఎవరో ఒకరు ఉంటారు. కౌబాయ్స్ జట్టు ఆఫీసు ఉన్న ఫ్రిస్కోలో అయితే మనవాళ్ల ఇళ్లు వీధికి నాలుగు. కౌబాయ్స్ ఆటగాడు ఎజెకియల్ ఎలియట్‌కి ఆరు మ్యాచ్‌ల నిషేధం వేశారు. ఒక స్త్రీని కొట్టాడన్న ఆరోపణ మీద. పోలీసు కేసు పెట్టలేదు, ఆయన కాదన్నాడు. టెక్సస్ కోర్టు ఆపింది, పై కోర్టు ఆ కేసు తొందరపడి వేశారంది, న్యూయార్క్‌లో మళ్లీ ఆపారు, మళ్లీ వదిలారు. చివరికి నవంబరులో శిక్ష మొదలైంది. అప్పుడు అక్కడున్న మా బాబాయి కొడుకు రోజూ నాకు ఫోన్ చేసి "అన్నా, స్టే వచ్చిందా?" అనేవాడు. ఏ స్టే, ఎందుకు స్టే, వాడికి పట్టదు. ఆదివారం ఆడతాడా లేదా, అంతే. డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ జట్టులో ఎలియట్ ఉన్నాడు మరి. నేను ఒకసారి అడిగాను, "ఒరే, ఆ అమ్మాయి మాట నిజమైతే?" అని. కాసేపు మాట్లాడలేదు. బంతిలో గాలి గురించి జోకులేసుకున్న నోటితోనే ఆ అమ్మాయి గురించీ వేసుకుంటుంటే నాకు ఆట మీద విసుగొచ్చింది. ఇది నా సొంత అభిప్రాయం, మీరు ఒప్పుకోనక్కర్లేదు.

మన సంగతికొస్తాను. 2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణ మీద బీసీసీఐ అజారుద్దీన్‌ని జీవితాంతం నిషేధించింది. 99 టెస్టులాడిన మనిషి. చివరి టెస్టులో, బెంగళూరులో, 102 కొట్టాడు. మన క్రికెటర్లకి బోర్డుతో కూర్చుని ఒప్పందం రాసుకునే యూనియన్ లేదు, కాబట్టి ఆయన ఒక్కడే సివిల్ కోర్టుకి వెళ్లాడు. అక్కడ ఓడి హైకోర్టుకి వెళ్లాడు. 2012 నవంబరు 8న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చట్టప్రకారం చెల్లదంది. అప్పటికి ఆయన వయసు 49, మొరాదాబాద్ ఎంపీ. ఆ రోజు హైదరాబాదు నుంచి మా తమ్ముడు ఫోన్ చేసి "మనోడు కడిగిన ముత్యం అన్నా!" అన్నాడు. వాడు వారం ముందు దాకా ఆయన్ని తిట్టినవాడే.

శ్రీశాంత్ సంగతి ఇంకా స్పష్టం. 2013 ఐపీఎల్ స్పాట్ ఫిక్సింగ్, జీవితకాల నిషేధం. కేరళ హైకోర్టులో ఒక జడ్జి ఎత్తేశారు, రెండు నెలలకి డివిజన్ బెంచి మళ్లీ పెట్టింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు ఏమంది? తప్పు జరిగిందని బోర్డు తేల్చినదాన్ని కదపలేదు. జీవితాంతం అన్నది ఎక్కువ, శిక్ష మళ్లీ ఆలోచించండి అంది, అంతే. బోర్డు అంబుడ్స్‌మన్ దాన్ని ఏడేళ్లకి తగ్గించారు. సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజు మా ఆఫీసు మలయాళీ కుర్రాడు "నిర్దోషి అని సుప్రీంకోర్టు చెప్పింది" అని లడ్డూలు పెట్టాడు. నేను తినేశాను. లడ్డూ చేతిలో పెట్టి ఎదురుగా నవ్వుతున్నవాడితో ఏం వాదిస్తాం?

అమెరికాలో మార్పు వచ్చింది, కొంచెం. 2020 ఒప్పందంలో ఆటగాళ్ల ప్రవర్తన కేసులకి లీగ్, యూనియన్ కలిసి పెట్టుకున్న బయటి అధికారిణి మొదట వినాలని రాసుకున్నారు. 2022లో లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలు ఎదుర్కొన్న డెషాన్ వాట్సన్ అనే ఆటగాడి కేసు అలా వెళ్లింది. ఆవిడ ఆరు మ్యాచ్‌లంది. లీగ్‌కి చాలలేదు, అప్పీలు చేసింది. అప్పీలు వెళ్లేది ఎక్కడికి? మళ్లీ కమిషనర్ దగ్గరికి, లేదా ఆయన పెట్టిన మనిషి దగ్గరికి. చివరికి పదకొండు మ్యాచ్‌లకీ యాభై లక్షల డాలర్లకీ రాజీపడ్డారు.

ఎవరో చెయ్యెత్తారు. అడగండమ్మా.

(సభలోంచి ఒక విద్యార్థిని: "అంతా బాగుంది సార్. ఇంతకీ గాలి తీశారా, లేదా?")

(నవ్వులు) అదీ! ఇంతసేపూ చెప్పాక కూడా అదే ప్రశ్న. నాకు కూడా అదే కావాలి, దాచుకోవడమెందుకు. ఆ ఉద్యోగి బాత్‌రూమ్‌లో ఏదో చేశాడనే నా అనుమానం. ఆ కొలతల మీద ఒక మనిషిని శిక్షించకూడదని నా నమ్మకం. రెండూ ఒకేసారి ఉన్నాయి, నాకు ఇబ్బందేమీ లేదు. పక్కింటాయనకి ఇదే చెబితే "నువ్వు ఎటువైపో తేల్చుకో" అన్నాడు. అయినా మేం ఇండియా వచ్చేసేటప్పుడు గుర్తుగా ఉండమని ఆ గేజీ నా చేతిలో పెట్టాడు. ఇప్పుడది నా స్కూటర్ డిక్కీలో ఉంది. బెంజ్ సర్కిల్ దగ్గర బంకులో గాలి పెట్టించి దాంతో కొలిస్తే ఒక పౌను తేడా చూపిస్తుంది. బంకు కుర్రాడు మా గేజీ కరెక్టు సార్ అంటాడు. నేను మాది అంటాను.